చేతిలో ఉన్నంతసేపు

పాత వేట తుపాకుల సంగతి నాకు తెలిసినంత మా మోంటానాలో ఇంకో ఆడదానికి తెలియదు. మగవాళ్లలో ఇద్దరు ముగ్గురికి తెలుసేమో గానీ, వాళ్లు కూడా అనుమానం వస్తే నా దగ్గరికే వస్తారు. ముసలమ్మ గొప్పలు పోతోందని అనుకుంటే అనుకోండి. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?

కింద ఉన్న లీవరుని ముందుకు తోసి వెనక్కి లాగితే, కాలిన గుండు డొల్ల ఎగిరిపడి కొత్త గుండు ఎక్కే తుపాకులు ఉంటాయి చూడండి, అవే నా పిచ్చి. వాటిని మేం అంకెలతోనే పిలుస్తాం. ఏ మోడలు పద్దెనిమిది వందల ఎన్నో ఏట మొదలైందో ఆ అంకె. డెబ్భై మూడు, ఎనభై ఆరు, తొంభై నాలుగు. కొత్తవాళ్లు వింటే పిల్లల మార్కులు చెప్పుకుంటున్నామనుకుంటారు.

ఏటా మార్చిలో హార్లన్ ఊరి సంత హాల్లో మా తుపాకుల ప్రదర్శన జరుగుతుంది. కిటికీ పక్క బల్ల నాది. దాని మీద అమ్మేవీ ఉంటాయి, మార్చుకునేవీ ఉంటాయి. ఒక్కటి మాత్రం వేరుగా, ఎర్ర గుడ్డ మీద ఉంటుంది. పొట్టి గొట్టం ఉన్న తొంభై నాలుగు, తేలికైన తుపాకీ. నాకు పన్నెండేళ్లు నిండిన శరదృతువులో మా అమ్మ, ఆవిడ పేరు ఇంగా, నా చేతిలో పెట్టింది. నా మొదటి జింకని దానితోనే కొట్టాను. దాని పక్కన 'అమ్మకానికి కాదు' అని చిన్న అట్ట ఉంటుంది. ఆ అట్ట నా కంటే ముసలిదైపోయినట్టు కనిపిస్తుంది ఇప్పుడు.

ఆ రోజు పొద్దున బల్ల సర్దుకుని, అలవాటు ప్రకారం హాలంతా ఒక చుట్టు తిరగడానికి బయల్దేరాను. ఈ తిరుగుడు ఉత్తది కాదు. నేనొక తుపాకీని వెతుకుతున్నాను, నలభై ఏళ్ల పైగా.

అది మా అమ్మది. ఎనిమిది పలకల పొడుగు గొట్టం ఉన్న ఎనభై ఆరు. నాన్న పోయాక అమ్మ దానితోనే కొండెక్కి ఎల్క్ దుప్పిని కొట్టుకొచ్చి శీతాకాలమంతా మా కడుపులు నింపేది. ఒకసారి మంచులో గుర్రం జారిపడితే తుపాకీ వెనకున్న చెక్క మడమ, చెయ్యి పట్టే సన్నటి చోట, చిట్లిపోయింది. కొత్త మడమ కొనే స్తోమత లేదు. అమ్మ ఎల్క్ పచ్చితోలు నానబెట్టి ఆ చిట్లిన చోట చుట్టి, జీను కుట్టే దారంతో కుట్టింది. ఆరాక తోలు ఇనుపకట్టులా బిగుసుకుంది. చివరి రెండు కుట్లు నేను వేస్తానని ఏడిస్తే వేయనిచ్చింది. అవి వంకరగా వచ్చాయి. ఆ తర్వాత కొన్నాళ్లకే తుపాకీ పోయింది. ట్రక్కులోంచి దొంగలెత్తుకుపోయారని అమ్మ చెప్పింది. ఆ దొంగని నేను ఇన్నేళ్లూ తిట్టని తిట్టు లేదు.

తలుపు దగ్గర, డబ్బుల పెట్టె ముందు కూర్చునే హ్యాటీ ఈ ప్రదర్శనకి పెద్ద దిక్కు. తగవు ఏదొచ్చినా ఆమె చెప్పిందే తీర్పు. ఆమె పక్కనే కొత్త బల్ల ఒకటి కనిపించింది. బల్ల మీద ఒకే ఒక్క తుపాకీ. పచ్చితోలు కట్టు. చివర రెండు వంకర కుట్లు.

చాచబోయిన చెయ్యి ఆపుకున్నాను. ముట్టుకునే ముందు అడగడం మా మర్యాద. ఎవరి వస్తువైనా సరే, అడక్కుండా చెయ్యి వేస్తే ఆ మనిషిని మళ్లీ బల్లల దగ్గరికి రానివ్వరు.

"హ్యాటీ, ఇది ఎవరిదే? తీసి చూడొచ్చా?"

"ఎవరో ఎమెట్ రస్క్ అనే ముసలాయన. కొండల అవతలి లోయ నుంచి మొదటిసారి వచ్చాడు. ఎవరైనా చూస్తామంటే చూడనివ్వమనే చెప్పాడు. తొలిచూలు పెయ్యకి దూడ అడ్డం తిరిగిందని ఇంటి నుంచి ఫోనొస్తే ఇలా వచ్చి అలా పరిగెత్తాడు పాపం. మళ్లీ వస్తానన్నాడు."

నేను తుపాకీ అందుకున్నాను. నా బొటనవేలు దానంతటదే ఆ వంకర కుట్ల మీదికి పోయింది. ఏడుపు వచ్చింది. మింగేశాను. మా లోకంలో కొనేవాళ్లు కళ్లు తుడుచుకోకూడదు.

"తీసి చూడొచ్చా అండీ, సిగ్రిడ్ గారూ?"

వెనక నుంచి ఆ గొంతు వినగానే ఒళ్లు మండింది. గార్డ్నర్ టటిల్. పళ్ల డాక్టరు. నన్ను 'గారూ' అని పిలిచేది గౌరవంతో కాదు, ఉడికించడానికి.

ఈ టటిల్ గురించి ఒక్క ముక్క చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. కానీ పళ్లు తోమినట్టు తుపాకులు తోముతాడు. నూరేళ్ల చేతి చెమట పట్టి ఉక్కు ఎండిన రేగుపండు రంగుకి తిరుగుతుంది. మాకు ప్రాణం ఆ రంగే. దాన్ని గీకేసి, ఉక్కుకి నల్లటి నిగనిగ పూయించి, కొత్త అక్రోటు చెక్క వేయించి, "చూశారా, నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుంది" అంటాడు. వాడి చేతిలో పడ్డ తుపాకీకి గతం ఉండదు. మా వాళ్లలో ఈ పని చేసేవాడిని చూసి నలుగురూ నవ్వుతారు, అయినా వాడు మానడు.

"నేను చూస్తున్నాను డాక్టరూ. కనిపించడం లేదా?"

"చూడండి, చూడండి. తొందరేం లేదు. మీరు కింద పెట్టాక నేను చూస్తా." అని తోలు కట్టు వైపు వేలు చూపించాడు. "ముందు ఆ దరిద్రపు తోలు కోసి పారేయాలి. లోపల గొట్టం బాగానే ఉండి ఉంటుంది. కొత్త మడమ వేయిస్తే పెళ్లికొడుకులా ఉంటుంది."

అప్పుడు నాకు అర్థమైంది, ఈ తుపాకీ కింద పెట్టడానికి వీల్లేదని.

మా ప్రదర్శనలో రాసిపెట్టని చట్టం ఒకటుంది. వస్తువు ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది. వాళ్లు కింద పెట్టేదాకా పక్కవాడు ధర అడక్కూడదు, చెయ్యి చాచకూడదు. కింద పెట్టారా, ఎవరు ముందు ఎత్తుకుంటే వాళ్లది. యజమాని లేకుండా వస్తువుని బల్ల దగ్గరి నుంచి కదిలించకూడదు కూడా. అంటే ఎమెట్ రస్క్ అనే ఆ ముసలాయన దూడని బయటికి లాగి, గంట దారి మళ్లీ వచ్చేదాకా, నేను ఇక్కడే, ఈ బరువు మోస్తూ నిలబడాలి. ఎనభై ఆరు అంటే పిల్లల బొమ్మ కాదు. పది నిమిషాలు ఎత్తి పట్టుకుంటే పశువులు కాసే మొగాడికే చెయ్యి లాగుతుంది.

నాకా అరవై దాటాయి. అయితే ఏం? గడ్డిమోపులు ఎత్తిన చేతులివి.

"కుర్చీ ఇవ్వవే హ్యాటీ" అన్నాను.

కుర్చీ వచ్చింది. కూర్చుని తుపాకీని ఒళ్లో పెట్టుకోబోయాను.

"ఆగండాగండి!" అన్నాడు టటిల్. "ఒళ్లో పెట్టుకుంటే చేతిలో ఉన్నట్టా? చెప్పు హ్యాటీ, నువ్వే చెప్పు."

హ్యాటీ కళ్లజోడు పైకి తోసుకుంది. నా స్నేహితురాలే. అయినా తీర్పు విషయంలో కన్నకొడుకుని కూడా వదలదు.

"ఒడి ఒడే, చెయ్యి చెయ్యే. చెయ్యి మార్చుకోవచ్చు, భుజాన వేసుకోవచ్చు. ఒళ్లోనూ నేల మీదా బల్ల మీదా ఆనించకూడదు."

"నువ్వు నా స్నేహితురాలివేనా?"

"రేపటి నుంచి మళ్లీ అవుతాలే."

అలా మొదలైంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి హాల్లో గుసగుసలు పాకాయి. మధ్యాహ్నానికి మా చుట్టూ చిన్న తిరునాళ్లే అయింది. సగం మంది నా పక్షం, సగం మంది డాక్టరు పక్షం. నేను కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చినప్పుడల్లా వెనక నుంచి ఎవడో ఒకడు "అయిపోయింది, అయిపోయింది" అనేవాడు. వాడి ముఖం గుర్తుపెట్టుకున్నాను.

టటిల్ కుర్చీ తెచ్చుకుని నా ఎదురుగానే కూర్చున్నాడు. వాడి ఎత్తు వేరే ఉంది.

"పాపం దాహం వేస్తుందేమో. కాఫీ తాగండి సిగ్రిడ్ గారూ" అని పెద్ద కప్పు నిండా తెచ్చి ఇచ్చాడు. కాసేపటికి ఇంకో కప్పు. ఆ తర్వాత ఇంకోటి.

నాకు తెలియదా? కాఫీ తాగితే బాత్రూముకి పోవాలి, బాత్రూముకి పోవాలంటే తుపాకీ కింద పెట్టాలి. చిరునవ్వుతో తీసుకుని, ఒక్కో కప్పూ హ్యాటీకి అందించాను. పాపం ఆ మహాతల్లి ఒడి తీర్పు చెప్పింది గదా, కాదనలేక తాగింది. చివరికి బాత్రూముకి పరిగెత్తింది తనే. హాలంతా నవ్వు.

"అసలు ఎందుకింత పంతం?" అన్నాడు టటిల్. ఈసారి 'గారూ' లేదు. "మడమ విరిగిన తుపాకీ. మీ బల్ల మీద ఇంతకంటే మంచివి నాలుగున్నాయి. ఏముంది దీంట్లో?"

"నీకు నచ్చింది కదా, అందుకే నాకూ నచ్చింది."

చెప్పాలనిపించింది. చెప్పలేదు. మా అమ్మది అని నోరు జారితే ఆ మాట ఎమెట్ చెవిన పడుతుంది, బేరం కొండెక్కుతుంది. పైగా ఈ డాక్టరు నా మీద జాలిపడి కుర్చీ తీసుకుని వెళ్లిపోతే, అది మాత్రం నేను భరించలేను. నాకు గెలవాలని ఉంది, దయ వద్దు.

మధ్యాహ్నం వాలేసరికి భుజం మొద్దుబారింది. వేళ్లు నావి కాకుండా పోయాయి. హ్యాటీ తీపి రొట్టె ముక్కని చెంచాతో చిన్నపిల్లకి పెట్టినట్టు నోట్లో పెట్టింది. లోపల యాపిల్ పూర్ణం. తిన్నాను. సిగ్గుపడలేదు. అమ్మ దీన్ని భుజాన వేసుకుని మోకాళ్ల లోతు మంచులో ఎక్కేది, దిగేటప్పుడు తుపాకీతో పాటు మాంసం కూడా మోసేది. నేను వెచ్చటి హాల్లో తీపి రొట్టె తింటూ మోస్తున్నాను. దీనికి మూలగడం ఏమిటి?

హాలు మూసే వేళ దగ్గరపడుతుండగా తలుపు తెరుచుకుంది. మోచేతుల దాకా రక్తం ఎండిపోయిన చొక్కాతో ముసలాయన లోపలికి వచ్చాడు. ఎనభై దాటి ఉంటాయి. నడక మాత్రం చురుకు.

"దూడ?" అన్నాం నేనూ హ్యాటీ ఒకేసారి.

"బతికింది. తల్లి కూడా. ఒక కాలు బయటికి, ఒకటి లోపలికి, నన్ను చంపి పాతరేశాయనుకో రెండూ కలిసి." అప్పుడు నన్ను చూశాడు, నా చేతిలోది చూశాడు. "ఏంటమ్మా, నా తుపాకీ నీకంత నచ్చిందా?"

"పొద్దున నుంచి పట్టుకునే ఉంది" అన్నాడు టటిల్. "కింద పెడితే ఒట్టు."

"ఎమెట్ గారూ, బేరం చెప్పండి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అమ్మడానికి తేలేదమ్మా. మార్చుకోవడానికి తెచ్చాను. మా మనవరాలికి వచ్చే అక్టోబరుకి పన్నెండు నిండుతాయి. వేటకి లైసెన్సు వస్తుంది. నాతో రావాలని ఒకటే గోల. ఇది ఇద్దామంటే పిల్ల మొయ్యలేదు. తేలికైనది ఏదన్నా ఉంటే చూడు, సరిగ్గా పనిచేసేది."

టటిల్ నోరు తెరిచాడు. హ్యాటీ వేలెత్తి చూపించింది. "చేతిలో ఎవరికుంది?" వాడు నోరు మూసుకున్నాడు. వాడి బల్ల మీద తళతళలాడే తేలిక తుపాకులు ఆరున్నాయి, పాపం.

నేను లేచాను. మోకాళ్లు చప్పుడు చేశాయి. "రండి నా బల్ల దగ్గరికి. ఏది కావాలంటే అది తీసుకోండి. రెండు తీసుకున్నా ఫర్వాలేదు."

యజమాని పక్కనుంటే వస్తువు కదలొచ్చు. ఇద్దరం నడిచాం, జనమంతా వెనకాలే. ఆయన నా బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. అడిగి అడిగి ఒక్కోటి ఎత్తి, భుజానికి ఆనించి, కింద పెట్టాడు. ఆఖరికి ఎర్ర గుడ్డ దగ్గర ఆగిపోయాడు.

"అది మాత్రం కాదండీ" అన్నాను. "అట్ట చూడండి."

ఆయన అట్ట చూడలేదు. తుపాకీనే చూస్తున్నాడు. "లీవరు లోపలివైపు ఒక నొక్కు ఉంటుంది. బండరాయి తగిలి."

ఉంది. ఆ నొక్కు మీద నా చిన్నప్పటి వేళ్లు ఎన్నిసార్లు తిరిగాయో.

"ఇది నాది తల్లీ. నా పెళ్లి కాకముందు సంగతి. కొండల ఇవతలి నుంచి ఒకావిడ గుర్రమేసుకుని మా ఇంటికొచ్చింది. భర్త లేడు. చేతిలో ఇదిగో, నువ్వు పట్టుకున్నదే. మార్చుకుంటావా అంది. నేను కుర్రాణ్ని, పెద్ద తుపాకీ అంటే ఎగిరి గంతేశాను. అయినా మనసొప్పక అడిగా, ఇంత మంచి తుపాకీ ఇచ్చేసి ఈ పొట్టిది ఎందుకమ్మా అని. మా అమ్మాయికి పన్నెండొస్తున్నాయి, అది మొయ్యలేదు అంది."

ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు. నాకు వినబడలేదు.

దొంగలెత్తుకుపోయారట! ఎంత అబద్ధాలకోరు మా అమ్మ! ఆ శరదృతువు నుంచి ఆవిడ మళ్లీ వేటకి తుపాకీ పట్టలేదు. "నా కళ్లు మసకబారాయే, ఇక నువ్వే కొట్టాలి" అంది. నా వెనకాలే కొండెక్కేది, చేతిలో కత్తి ఒక్కటే. నేను గొప్పగా ముందు నడిచేదాన్ని. అదే కళ్లతో ఆవిడ పోయేదాకా సూదిలో దారం ఎక్కించింది. నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఊరంతటికీ తుపాకుల చరిత్ర చెప్పేదాన్ని, నా ఎర్ర గుడ్డ మీద ఉన్నదాని చరిత్ర నాకు తెలియలేదు.

ఈసారి ఏడుపు మింగలేదు. అందరి ముందూ ఏడ్చాను.

"మీ అమ్మా?" అన్నాడు ఎమెట్ మెల్లగా.

తలూపాను.

"అయితే వేరేది తీసుకుంటాలే. నీ చేతిలోది నీదే. ఇది కూడా ఉంచుకో."

మంచివాడు కాబట్టి అన్నాడు. ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? రెండూ నావే, రెండూ ఒకే బల్ల మీద. కానీ పన్నెండేళ్ల పిల్ల కోసం మా అమ్మ ఏం చేసిందో ఇప్పుడే విన్నాను. ఆవిడ కూతుర్ని అయ్యుండి, ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో దాచుకోనా?

ఒంటిచేత్తో అట్ట తీసి జేబులో పెట్టుకున్నాను. తొంభై నాలుగుని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను.

"చలి ఎక్కువైతే లీవరు పట్టేస్తుంది. మంచుకాలం రాకముందే లోపలి నూనె పూర్తిగా తుడిచేయమనండి, పొడిగా ఉంటేనే బాగా ఆడుతుంది. కొంచెం ఎడమకి కొడుతుంది, అదీ చెప్పండి. మొదటి జింక కొట్టాక ఏడిస్తే తిట్టొద్దు, నేనూ ఏడ్చాను."

"నువ్వే చెప్పు. అక్టోబరులో రా, కొండ మీదికి" అన్నాడాయన. పొట్టి తుపాకీ భుజానికి ఆనించి చూసుకున్నాడు, ఒక్క క్షణం కుర్రాడైపోయాడు.

ఆ తర్వాత, ఎర్ర గుడ్డ మీద ఖాళీ అయిన చోట అమ్మ తుపాకీని పెట్టాను. పొద్దున నుంచి అదే మొదటిసారి కింద పెట్టడం. వేళ్లు సరిగా తెరుచుకోలేదు, హ్యాటీ ఒక్కోటి విప్పింది.

టటిల్ బల్ల అవతల నిలబడి ఉన్నాడు. కళ్లు తోలు కట్టు మీదే ఉన్నాయి, కానీ చూపు మారింది.

"ఆ వంకర కుట్లు..." అన్నాడు.

"నావి. పదకొండేళ్ల పిల్ల అంతకంటే ఏం కుడుతుంది?"

వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "తీసి చూడొచ్చా, సిగ్రిడ్?"

"చూడు. ఉక్కు మీద వేళ్లు పడనీయకు."

ఎత్తాడు. రెండు చేతులతో పట్టుకుని, కాసేపు అలాగే నిలబడ్డాడు. వాడి మోచేతులు మెల్లగా కిందికి దిగాయి.

"చాలా బరువుంది" అన్నాడు.

"మా అమ్మ దీన్ని మోస్తూ కొండెక్కేది. నేను మొయ్యలేనని చెప్పింది. నిజమే డాక్టరూ, అప్పుడు మొయ్యలేకపోయేదాన్ని."